కారని సెల్లు

శారద ఇంకా మొఖం గూడ కడుక్కోదు, అప్పటికే ఆమె ఇంటి అరుగు మీద టార్చిలైట్లు, రేడియోలు వచ్చి కూసుంటయి. చండ్రుగొండ దాటినంక అడవి మొదలయ్యే కాడ మద్దులగూడెం అని ఓ ఊరున్నది. ఆ ఊర్ల టార్చి సెల్లు అయిపోతే ఎవ్వరూ కొత్తయి కొనరు. శారద అరుగు మీద పెట్టి, ఆమెకు ఇంత విసుగు తెప్పించి, నిండినంక తీసుకొని పోతరు. ఏండ్ల సంది గిదే తంతు.

కోపం తెప్పియ్యొద్దు, అది ఊరందరికీ ఎరుకే. శారదకు కోపమొస్తే ఇంట్ల బల్బు ఠప్పుమని పేలుతది. మొగుడు ఇంటి తాళంచెవి వాగుల పడేసుకొని వచ్చిననాడు ట్యూబులైటుతోటి పాటు ఫ్యాను గూడ మాడింది. సెల్లు నిండాలంటే విసుగే కావాలె. అది గూడ ఆమె నోరు తెరిచి అనాలె. లోపల్లోపల గొణుక్కుంటే ఒక్క సెల్లు గూడ నిండదు.

అందరికంటె ముందు జంపక్క వస్తది. ఎండకాలం ఇప్పపువ్వు ఏరనీకె, వానకాలం పుట్టగొడుగులకు చీకటి ఉండంగనే అడవిల పడే మనిషి. టార్చి లేకపోతే గుడ్డెలుగు మీద కాలేస్తనని ఆమె భయం.

"శారదమ్మా, ఏం కూర ఒండినవ్?" అంటది అరుగు మీద సెల్లు పెట్టుకుంట.

"ఇంకా ఒండలే జంపక్కా. ఇప్పుడే లేచిన."

"అవ్ అవ్. మరి కూరేం ఒండినవ్?"

"ఒండలేదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్ బిడ్డా. మంచిగైందా మరి?"

"ఏం మంచిగైందా? కూరే లేదంటుంటే మంచిగైందా అంటవేంది! నీతోటి నేను ఏగలేనే తల్లీ! పొద్దుపొద్దున్నే నా పానం తియ్యనీకె తయారైతవ్!"

జంపక్క టార్చి నొక్కి చూసుకుంటది. భగ్గుమంటది. దోసెడు చింతచిగురు అరుగు మీద పోసి, "సల్లగుండు బిడ్డా" అని పోతది. ఆమె ఎనుక దూలయ్య తాత. ఆయన తనను దున్నపోతు తరిమిన ముచ్చట చెప్తడు, సగంల మర్చిపోయి మళ్ల మొదలు పెడతడు. ఆయన రేడియోకు రెండు సెల్లు నిండాలంటే దున్నపోతు రెండుసార్లు తరుముడు చాలు.

ఇంత మందికి ఎలుగిచ్చే మనిషిని ఒక్కరన్న దగ్గర కూసోబెట్టుకొని మంచిగ మాట్లాడిన్రా అంటే, లేదు. మంచిగ మాట్లాడితే సెల్లు నిండవు గద! ఏం మనుషులో ఏమో.

ఊరోళ్లంత కష్టపడి తెప్పిచ్చే విసుగును ఏ కష్టమూ లేకుంట తెప్పిచ్చే మనిషి ఒకడున్నడు. ఆమె మొగుడు ప్రభాకర్. కరెంటు లైన్‌మన్. మనిషి మంచోడే, ఎవ్వర్నీ ఒక మాట అనడు. స్తంభం ఎక్కితే కోతి గూడ ఆయన్ను చూసి సిగ్గుపడాలె. దిగినంక మాత్రం యాడ ఏం పెట్టిండో యాదుండదు, చెప్పిన మాట చెవికెక్కదు, ఎక్కినా ఉల్టా ఎక్కుతది.

కరెంటు ఆఫీసు పైకప్పు వానకు కురుస్తదని, సెక్షన్ మీటర్లన్నీ తెచ్చి ప్రభాకర్ తన ఇంట్ల గోడ బీరువల పెట్టిండు. వైరును కౌగిలించుకొని కరెంటు ఎంత పోతుందో చెప్పేది ఒకటి. నల్ల వైరు, ఎర్ర వైరు ఉన్న మల్టీమీటరు ఒకటి. మూడోది కూత డబ్బా. దాని అసలు పేరు ఇంగ్లీషుల బారెడుంటది, ఎవ్వరూ అనరు. పొడుగాటి కర్ర కొసకు బిగించి తీగ దగ్గరికి లేపితే, తీగల కరెంటు ఉంటే కుయ్యోమని కూస్తది, లేకపోతే కూయదు. ఈ మూడింటితోని పని పడేది ఎప్పుడో ఓసారి. గాలివానకు పెద్ద లైను మీద చెట్టు పడ్డప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ మొండికేసినప్పుడు. మిగతా దినాలన్నీ బీరువల చీకట్లనే ఉంటయి.

కష్టమంత ఆడనే వచ్చింది. రోజూ వాడే టార్చి సెల్లు నిండుతయి, ఖర్చయితయి. వాడని మీటర్ల సెల్లు మాత్రం శారద అరుస్తున్న కొద్దీ నిండుకుంటనే ఉంటయి. ఖర్చయ్యే తొవ్వ లేదు. ఒక్కపారి వాడి పారెయ్యమని చేసిన సెల్లు అవి, ఎంతకని పట్టుకుంటయి? పొట్ట ఉబ్బుతది, కింద పగులుతది, లోపలి రసం కారి డబ్బంత తింటది. బీరువ తెరిచి మూత తీసి చూస్తే స్ప్రింగులు కరిగిపోయి, పచ్చపచ్చటి చిలుము, ముక్కు పగిలే వాసన.

"చూడు చూడు! నీ నోటితోనే అయినయి గివి!" అంటడు ప్రభాకర్.

"నా నోటితోనా? అగ్గువకొచ్చినయని ఎర్ర సెల్లు తెచ్చి కుక్కినవ్, మళ్ల నా నోరంటవా? మంచియి తేరాదా!"

"మంచియి తెస్తే గూడ నువ్వు కారిపిస్తవ్."

"నువ్వు బట్టలారేసి మర్చిపోయినట్టు మీటర్ల సెల్లు మర్చిపోతే కారక ఏం జేస్తయి? వాడనప్పుడు తీసి పక్కన పెట్టమని ఎన్నిసార్లు చెప్పిన? చెప్పిన్నా లేదా? ఏమయ్యా, చెప్పిన్నా లేదా?"

ఆ మాటకు మల్టీమీటర్ల మిగిలిన ఒక్క సెల్లు గూడ కారింది.

ఇద్దరిల తప్పు ఎవరిదంటే నేనేం చెప్పాలె? ఇద్దరిదీ సగం సగం. కానీ నష్టం మాత్రం సగం సగం ఉండదు. కూత డబ్బాతో ఒక పీడ ఉన్నది. తీగల కరెంటు లేకపోతే అది కూయదు. లోపల సెల్లు సచ్చినా కూయదు. రెండింటికీ ఒక్కటే మౌనం. దాన్ని చేసినోడెవడో ఒక్కపారి స్తంభమెక్కి ఉంటే గిట్ల చేసేటోడు గాదు. డబ్బా పక్కన ఓ చిన్న బొత్తాం పెట్టిన మాట నిజమే, ఎక్కే ముందు నొక్కితే కుయ్యిమంటది, సెల్లు బతికే ఉన్నదని తెలుస్తది. కానీ ఆ బొత్తాం చిలుము పట్టి ఎప్పుడో బిగుసుకపోయింది. కూత డబ్బా మాట నమ్మి తీగ మీద చెయ్యి వేసేది ప్రభాకరే. అందుకే శారదకు ఆ సెల్లు గురించి అంత పట్టింపు.

ఇగ మొగుణ్ణి నమ్మేది లేదని ఆమెనే సెల్లు కొననీకె కొత్తగూడెం పోయింది. ప్రభాకర్ ఎంబడి పోయిండు, సంచి మోయనీకె. కొట్టాయన నల్లరంగు ఆల్కలైన్ సెల్లు తీసి చూపెట్టిండు.

"ఇవి ఐదేండ్లయినా కారవు అక్కా. ఇగో, డబ్బా మీద రాసి ఉన్నది."

"నువ్వు ఐదేండ్లు పెట్టి చూసినవా?"

"కొట్టు పెట్టిందే మూడేండ్లాయె."

"మరి ఐదేండ్ల ముచ్చట నీకెట్ల తెలుసు?"

"కంపెనోళ్లు రాసిన్రు గద అక్కా."

"కంపెనోళ్లు మా ఇంటికొచ్చి చూసిన్రా? వాడని మీటర్ల పెడితే ఆగుతయా ఆగయా అని నేనడుగుతుంటే, రాసిన్రు రాసిన్రు అంటవేంది తమ్మీ! చదువు నాకు రాదా? రాసింది నేను చదువుకోలేనా?"

కొట్ల ఉన్న పాత సెల్లన్నీ నిండినయి. గోడ గడియారం ఆగి ఎన్నేండ్లయిందో, టిక్కుమని కదిలింది. కొట్టాయన లేచి ఆమెకు చాయ్ తెప్పిచ్చిండు.

ఆ నల్ల సెల్లు నిజంగనే గట్టియి. ఎండకాలమంత ఆగినయి. శారద గూడ కొంచెం నెమ్మదిగ ఉన్నది. వానకాలం మొదట్ల ప్రభాకర్ తడిసిన చెప్పులు బియ్యం బస్తా మీద ఆరబెట్టిండు. ఆ ఒక్కనాటి మాటలకే నల్లయి గూడ కారినయి.

చివరికి ప్రభాకర్, సెక్షన్ ఇంజనీరు సంపత్ సారుకు ఫోన్ చేసిండు. సంపత్ సార్‌ది హనుమకొండ దిక్కు. వచ్చి ఏడాది గూడ కాలే. పాపం, మంచి మనిషి.

"సార్, సెల్లు కారుతుంది సార్."

"నీళ్లల్ల పడేసుకున్నవా ప్రభాకర్? బ్యాటరీ తీసి ఎండకు పెట్టు."

"కారేది బ్యాటరీయే సార్."

"మరి ఇప్పుడు దేని నుంచి మాట్లాడుతున్నవ్?"

"నా సెల్లు నుంచే సార్."

"కారుతుందన్నవ్ గదయ్యా!"

సారుకు ఒక్క ముక్క గూడ అర్థం కాలే. శారద బయటికొచ్చి ఫోన్ గుంజుకొని, సారుకు ముచ్చటంత మొదటి సంది చెప్పింది. సంపత్ సార్ విని, మళ్ల హైదరాబాద్ పోయినప్పుడు ఫొటో కెమెరాలల్ల వేసుకునే తెల్లటి లిథియం పెన్సిల్ సెల్లు రెండు తెచ్చి ఇచ్చిండు. చేతిల పెట్టుకుంటే బరువే లేవు. ఇవి ఏండ్లకేండ్లు వాడకపోయినా కారవమ్మా అన్నడు. అయినా గూడ, పనిలేనప్పుడు మీటర్ల నుంచి తీసి వేరే పెట్టుండ్రి అని చెప్పిండు.

"నేను చెప్పేది గదే సార్! ఎన్నేండ్ల సంది చెప్తున్న!" అన్నది శారద.

ఆ సెల్లు అరుగు మీద పెట్టి పరీక్ష చేసిన్రు. దూలయ్య తాత దున్నపోతు ముచ్చట ఎత్తుకున్నడు. జంపక్క కూర అడిగింది. ప్రభాకర్ పక్కనే కూసోని, శారద అప్పుడే మడత పెట్టిన చీరతోటి చేతులు తుడుసుకున్నడు. శారద నెత్తి కొట్టుకుంట ముగ్గుర్నీ కలిపి అరిచింది. పక్కన పెట్టిన ఎర్ర సెల్లు నిండి ఉబ్బి కారినయి. లిథియం సెల్లు మాత్రం ఎట్లున్నయి అట్లనే ఉన్నయి. ఒక్క బొట్టు కారలే. ఒక్క చుక్క నిండలే.

"నీ మాట ఎక్కని సెల్లు దొరికినయే శారదా!" అని ప్రభాకర్ చప్పట్లు కొట్టిండు.

"చెవిటి సెల్లు" అన్నది శారద మూతి ముడుసుకొని. ఆ పేరే నిలిచింది. ఊర్ల అప్పటి సంది ఎర్రయి ఏడుపు సెల్లు, తెల్లయి చెవిటి సెల్లు. కూత డబ్బాల చెవిటి సెల్లు పడ్డందుకు ఆమెకు ఎంత నెమ్మదయిందో, ఆ మాట మాత్రం మొగునికి చెప్పలే. చెప్పాల్సింది. కానీ ఆ ఇంట్ల మంచి మాట ఎవరికి అలవాటున్నది?

ప్రభాకర్ ఈపారి చెప్పిన మాట విన్నడు. అదే కొంప ముంచింది. కూత డబ్బాతో పని లేదని చెవిటి సెల్లు తీసి, చాలా భద్రమైన జాగల పెట్టిండు.

మరుసటేడు జ్యేష్ఠమాసంల శారద అక్కకు కానుపు రోజులు దగ్గర పడ్డయని ముదిగొండ నుంచి కబురొచ్చింది. ఆమె బట్టలు సర్దుకొని పోయింది. మూడు నాలుగు దినాలకే ఊర్ల టార్చిలైట్లు గుడ్డియైనయి. జంపక్క అడవికి పోవుడు బంద్ చేసింది. దూలయ్య తాత దున్నపోతు ముచ్చట ఎవరికి చెప్పాల్నో తెల్వక మేకలకు చెప్పిండు. ప్రభాకర్ రేడియోల పాట సన్నగై, సన్నగై, ఓనాడు నోరు మూసుకుంది.

వారం దాటినంక గాలివాన పడ్డది. మామూలు గాలి గాదు. వాగు ఒడ్డున బస్సు రోడ్డు మీదికి ఓ పెద్ద మద్ది చెట్టు ఒరిగి, పెద్ద లైను తీగల మీద కొమ్మలేసింది. ఆడ అడవిల నుంచి రెండు పెద్ద లైన్లు పక్కపక్కనే పోతయి, భద్రాచలం దిక్కు సబ్‌స్టేషన్ నుంచి వచ్చేటియి. మొదట ఏసిన దాన్ని మద్దులగూడెపోళ్లు పాత లైను అంటరు. తర్వాత ఏసిన దాన్ని కొత్త లైను అంటరు. చెట్టు పడ్డది పాత లైను మీద.

లైను ముట్టుకోవాలంటే ముందు సబ్‌స్టేషనోళ్లతో కరెంటు ఆపించాలె. దాన్ని ఎల్‌సీ తీసుకునుడు అంటరు. సంపత్ సార్ వాగు ఒడ్డున జీపు దగ్గర నిలబడి ఫోన్ చేసిండు. "పాత లైను ఆపుండ్రి" అన్నడు. "ఆపినం సార్" అన్నరు అటు దిక్కు. ఎల్‌సీ అయింది.

ప్రభాకర్ ఆ పొద్దు ఇంట్ల చెవిటి సెల్లు కోసం దేవులాడిండు. పోపుడబ్బాల చూసిండు, దేవుని పటాల ఎనుక చూసిండు, చెప్పులల్ల గూడ చూసిండు. బయట జీపు హారను కొడుతుంది. తోటి లైన్‌మన్ మంగీలాల్ "అన్నా, జల్ది!" అని పిలుస్తుండు. ఏం జెయ్యాలె? రేడియో మూత తీసి, ఆ రెండు ఎర్ర సెల్లు తీసి కూత డబ్బాల ఏసుకొని ఉరికిండు. ఇంట్ల ఉన్న సెల్లు ఏవైనా నిండే ఉంటయని ఏండ్ల అలవాటు. నింపే మనిషి ముదిగొండల ఉన్నదన్న సోయి ఆయనకు లేదు.

ఖమ్మం దిక్కు నుంచి వచ్చే బస్సు చెట్టుకు ఇవతల ఆగిపోయింది. అందరు దిగిన్రు. వాళ్లల్ల శారద గూడ ఉన్నది, చేతిల సంచి, సంచిల అక్క పెట్టిన సున్నుండలు. దిగంగనే తల పైకెత్తి చూసింది. స్తంభం సగం ఎత్తుల మొగుడు. చేతిల కర్ర, కర్ర కొసకు కూత డబ్బా, తీగకు జానెడు దూరంల.

"మంగీలాల్! కూస్తలేదు! లైన్ సచ్చింది. గొలుసు అందియ్యి!" అని పైనుంచి అరిచిండు ప్రభాకర్. గొలుసు ఒక కొస భూమిల పాతి, ఇంకో కొస కొక్కెం తీగకు తగిలిచ్చి, అప్పుడు చెట్టు కొమ్మలు నరకాలె. అది పద్ధతి. తీగల కరెంటు ఉంటే మాత్రం ఆ కొక్కెం తగిలిచ్చినోడు బూడిదైతడు.

మంగీలాల్ తాడుకు గొలుసు కట్టిండు.

"ఏమయ్యో!" అని కింది నుంచి పిలిచింది శారద.

ప్రభాకర్ కిందికి చూసి మొఖమంత నవ్విండు. "వచ్చినవా! అక్కకు కానుపైందా?"

"అయింది గానీ, ఆ డబ్బాల చెవిటి సెల్లేసినవా?"

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"ఓ మనిషీ! సెల్లు సంగతి చెప్పు!"

"చెవిటియి దొరకలే. నువ్వే గద తీసి భద్రంగ పెట్టమన్నవ్. పెట్టిన."

"యాడ పెట్టినవ్?"

"భద్రంగనే పెట్టిన. యాడనో యాదికొస్తలేదు."

మంగీలాల్ తాడు గుంజుతుండు, గొలుసు పైకి పోతుంది. శారద సంచి కింద పెట్టింది.

"మరి ఆ డబ్బాల ఏం సెల్లున్నయి?"

"రేడియోలయి."

"రేడియో పాడుతుందా?"

"యాడ పాడుతది?" అన్నడు ప్రభాకర్, గొలుసు కొస అందుకొని కొక్కెం కర్రకు తగిలిచ్చుకుంట. "సెల్లు అయిపోయినయి గద. నువ్వు లేకపోతివి."

శారదకు సంగతి అర్థమై భయమైంది. కానీ ఆ భయం గొంతుల నుంచి బయటికి వచ్చేటప్పటికి, ఇన్నేండ్ల అలవాటున, విసుగై వచ్చింది.

"అయిపోయిన సెల్లేసి కూస్తలేదంటవా! రేడియో పాడదని తెలిసినోడివి డబ్బా ఎట్ల కూస్తదనుకున్నవయ్యా! తీసి పెట్టమంటే తీస్తవ్, యాడ పెట్టినవంటే తెల్వదంటవ్, మళ్ల గొలుసు అందియ్యమంటవ్! వారం దినాలు నేను ఇంట్ల లేకపోతే నీ పానానికి దిక్కుండదా? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతుంది గానీ నీ చెవుల ఒక్క ముక్క పడదు గద! చెవిటివి ఆ సెల్లు గావయ్యా, నువ్వు! నువ్వు చెవిటోడివి! నీతోటి నేనెట్ల ఏగాలె, ఎన్నేండ్లు ఏగాలె, ఏగనీకె నువ్వుండాలె గదయ్యా ముందు!"

ఆమె మాట పక్కనున్న సెల్లు దాటి ఎప్పుడూ పోలే. ఆనాడు పోయింది. ఆగిన బస్సు లైట్లు పట్టపగలు భగ్గుమన్నయి. డ్రైవరు చెయ్యి పెట్టకుంటనే హారను మోగింది. దిగిన జనం సంచులల్ల టార్చిలు ఎలిగినయి. ఎవడో పెండ్లికి పట్టుకపోతున్న పెట్టెల నుంచి బొమ్మ కుక్కపిల్ల మొరిగింది. ఆ మాటలు స్తంభమెక్కి, ప్రభాకర్ కాళ్లు దాటి, కర్ర పొడుగున పోయి, సచ్చిన రెండు ఏడుపు సెల్లుల పడ్డయి.

కుయ్యోమని కూసింది డబ్బా.

ప్రభాకర్ చెయ్యి ఆగిపోయింది. కొక్కెం తీగకు ఇంకా బెత్తెడు దూరంల ఉన్నది. డబ్బా కూస్తనే ఉన్నది, ఆపుతలేదు. ఆయన మెల్లగ, చాలా మెల్లగ కొక్కెం ఎనుకకు తీసి, స్తంభాన్ని రెండు చేతులతోటి కావలిచ్చుకున్నడు. మంగీలాల్ తాడు వదిలి ఉరికొచ్చి, "అన్నా, ముట్టుకోకే! ముట్టుకోకే!" అని ఒకటే అరుపు.

సంపత్ సార్ సబ్‌స్టేషనుకు మళ్ల ఫోన్ చేసిండు. "పాత లైను ఆపమన్న గదయ్యా!"

"పాతదే ఆపినం సార్."

"లైన్ల కరెంటున్నది!"

"ఏ స్తంభాల లైను సార్? పోయినేడు కొత్త స్తంభాలు ఏసిన్రు గద, అదా? అది కొత్త లైను సార్. మేం ఆపింది పాతది."

అటు దిక్కోళ్లకు, పాత లైనుకు స్తంభాలు మార్చిననాడే అది కొత్త లైను అయిపోయింది. ఇటు దిక్కోళ్లకు ఎవ్వరూ చెప్పలే. ఎవ్వరూ అడగలే. ఒక మనిషి పానం, ఒక్క మాటకు రెండు దిక్కుల రెండర్థాలు! ఏమనాలె వీళ్లను?

ప్రభాకర్ దిగిండు. దిగి బురదల కూసున్నడు. శారద ఆయన ముందు నిలబడి ఇంకా తిడుతనే ఉన్నది. బస్సు జనం చుట్టూ చేరిన్రు, ఒక్కరు గూడ ఆపుండ్రి అనలే. తిట్టుకుంట తిట్టుకుంట ఆమె ఆయన నెత్తి మీద చెయ్యేసింది, చెంపలు తడిమింది, చేతులు రెండూ తిప్పి చూసింది. చూసుకుంట గూడ తిట్టింది. గొంతు బొంగురుపోయింది, కీచుమంది, ఆఖరికి గాలి తప్ప ఏమీ వస్తలేదు. పెదవులు మాత్రం ఆడుతనే ఉన్నయి.

"ఏం బిడ్డ?" అని అడిగిండు ప్రభాకర్.

ఆమెకు చెప్పనీకె గొంతు లేదు.

ఇంటికి పోయినంక గూడ గొంతు రాలే. కొత్తగూడెం దవాఖానకు తీసుకపోయిన్రు. డాక్టర్ టార్చి పట్టి నోట్లకు చూసి, రానీకె టైం పడుతది, అసలు వస్తదో రాదో చెప్పలేనన్నడు. పొద్దుగాల మళ్ల అరుగు మీద టార్చిలు, రేడియోలు వచ్చి కూసున్నయి. జంపక్క కూర అడిగింది. శారద మూకుడు తెచ్చి చూపెట్టింది. దూలయ్య తాత దున్నపోతు ముచ్చట మొదలుపెట్టి, మర్చిపోయి, మళ్ల మొదలుపెట్టిండు. శారద ఓపిగ్గ తల ఊపుకుంట విన్నది. ఒక్క సెల్లు గూడ నిండలే. జనం తమ సెల్లు తాము తీసుకొని పోయిన్రు.

ప్రభాకర్‌కు ఆ ఇంట్ల ఊపిరాడలే. తడి తువ్వాల మంచం మీద ఏసిండు. శారద తీసి దండెం మీద ఆరేసింది. చాయ్ గిలాస తన్ని పారబోసిండు. ఆమె గుడ్డతో తుడిచి పోయింది. ఇగ భయమైంది ఆయనకు. బుద్ధిగ ఉండుడు మొదలుపెట్టిండు. చెప్పులు బయట ఇడిసిండు, నీళ్లు తోడిండు, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. ఇంట్ల ఏ బల్బూ పేలలే, ఏ సెల్లూ కారలే. ఇంత శాంతి ఆయన జన్మల చూడలే, ఇంత గోస గూడ పడలే.

సంపత్ సార్ మోటర్‌సైకిల్ మీద వచ్చిండు. బొత్తాం మంచిగ పనిచేసే కొత్త కూత డబ్బా తెచ్చిండు. నొక్కి కూత వినకుంట ఎవ్వరూ స్తంభం ఎక్కేది లేదని గట్టిగ చెప్పిండు.

"ఇంకోటి ప్రభాకర్. అన్ని సెక్షన్లకు ఒకటే రకం సెల్లు తెప్పిద్దామంటున్నరు. నువ్వు అన్ని రకాలు వాడినవ్. ఏది పెట్టమంటవ్?"

ప్రభాకర్ కొత్త డబ్బా బొత్తాం నొక్కి కూత విన్నడు.

"నన్ను బతికిచ్చింది ఎర్ర సెల్లే సార్."

"అయితే ఎర్రయే పెడదామా?"

"వద్దు సార్. కారనియ్యే పెట్టుండ్రి. పనిలేనప్పుడు తీసి పెట్టమనుండ్రి. యాడ పెట్టిన్రో అందరికీ కనపడే జాగల పెట్టమనుండ్రి." ఆయన ఇంట్లకు ఒక్కపారి చూసిండు. "వేరే సెక్షన్లల్ల శారద లేదు గద సార్. ఇప్పుడైతే మా ఇంట్ల గూడ లేనట్టే ఉన్నది."

సంపత్ సార్ బండి స్టార్ట్ చేసుకొని పోయిండు.

మర్నాడు పొద్దుగాల జంపక్క అలవాటు కొద్దీ టార్చి తెచ్చి అరుగు మీద పెట్టుకొని కూసున్నది. నిండుతదన్న ఆశ ఏం లేదు, ఇంటికాడ ఊకె కూసోలేక వచ్చింది. ప్రభాకర్ చీపురు పట్టిండు. పెండ్లయినప్పటి సంది ఎన్నడూ పట్టలే. అరుగు మీది నుంచి మొదలుపెట్టి, కడప దాటిచ్చి, దుమ్మంత ఇంట్లకు ఊడుస్తుండు. చానా శ్రద్ధగ ఊడుస్తుండు. శారద వంటింట్ల నుంచి వచ్చి చూసింది. ఆమె మొఖం మారింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ల తెరిచింది.

"ఓ... మనిషీ..." గొంతు గరగరమన్నది. "దుమ్ము... లోపటికి ఊడుస్తవేంది... బయటికి ఊడుస్తరు గదయ్యా..."

అరుగు మీద జంపక్క టార్చి మినుకుమని ఎలిగింది.

ప్రభాకర్ చీపురు పట్టుకొని ఉన్నకాడనే నిలబడ్డడు. కండ్లల్ల నీళ్లు జలజల రాలినయి, తుడుసుకోలే. పోరగాని లెక్క ఎక్కెక్కి ఏడ్చిండు.

"ఇంకోపారి అనవే" అన్నడు.

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలె నీకు!" అన్నది శారద.